కాలేజీలో లెక్కలు ఎక్కడ మొదలవ్వాలి?

శ్రోతలకు నమస్కారం.

అమెరికాలో కాలేజీ సీటు ఖాయమైన పిల్లలకి క్లాసులు మొదలవకముందే ఒక ఈమెయిల్ వస్తుంది. ఫలానా తేదీలోగా మ్యాథ్ ప్లేస్‌మెంట్ టెస్ట్ రాయండి అని. సీటు వచ్చేసింది, ఫీజు కట్టేశారు, ఇంకా ఈ పరీక్షేమిటి అనుకుని చాలామంది దాన్ని పెద్దగా పట్టించుకోరు. వేసవి సెలవుల్లో ఏదో ఒక రాత్రి ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటారు. పక్కన ఫోన్ మోగుతూనే ఉంటుంది. గంటలోపే అయిందనిపించి లేచిపోతారు. ఆ గంట వాళ్ల మొదటి ఏడాదిని ఎటు తిప్పుతుందో ఈ పూట మాట్లాడుకుందాం.

ఉద్యోగాల ప్లేస్‌మెంట్‌తో దీనికేమీ సంబంధం లేదు. ఇందులో పాస్, ఫెయిల్ ఉండవు. వచ్చిన స్కోరును బట్టి మొదటి సెమిస్టర్‌లో ఏ గణితం క్లాసులో కూర్చోవాలో తేలుస్తారు. నేరుగా కాలిక్యులస్‌లోనా, దానికి ముందుండే ప్రీకాలిక్యులస్‌లోనా, కాలేజీ ఆల్జీబ్రాలోనా, లేక హైస్కూల్ పాఠాలే మళ్లీ చెప్పే రెమిడియల్ కోర్సులోనా అన్నది. అమెరికా అంతటికీ ఒకే సిలబస్, ఒకే బోర్డు పరీక్ష లేవు. ఒక స్కూల్లో ‘ఏ’ గ్రేడ్ వచ్చిన పిల్లాడికి ఇంకో స్కూల్లో ‘బీ’ వచ్చేదేమో, ఎవరు చెప్పగలరు? అందుకే ఎవరికి ఎంత వచ్చో కాలేజీలు సొంతంగా చూసుకోవాల్సి వచ్చింది. హైస్కూల్లోనే రాసే కాలేజీ స్థాయి పరీక్ష ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) కాలిక్యులస్‌లో 5కి 4 గానీ 5 గానీ తెచ్చుకున్నవాళ్లని చాలా కాలేజీలు ఈ టెస్ట్ నుంచి మినహాయిస్తాయి. మిగతావాళ్లలో ఎక్కువమందికి తప్పదు.

కొన్ని కాలేజీలు సొంతంగా ప్రశ్నపత్రం తయారు చేసుకుంటాయి. బయటి టెస్టుల్లో బాగా వినిపించే పేర్లు రెండు. ఒకటి కాలేజ్ బోర్డ్ వాళ్ల అక్యుప్లేసర్. ఇప్పుడున్న రూపంలో దాని స్కోరు 200 నుంచి 300 దాకా ఉంటుంది. టైమ్ లిమిట్ లేదు. సరైన జవాబు రాస్తే తర్వాతి ప్రశ్న కష్టమవుతుంది, తప్పు రాస్తే తేలికవుతుంది. ఏసీటీ సంస్థవాళ్ల కంపాస్ అనే టెస్ట్ కూడా ఒకప్పుడు బాగా నడిచింది. పిల్లల్ని సరైన కోర్సులో పెట్టలేకపోతోందన్న విమర్శల మధ్య 2016తో దాన్ని ఆపేశారు.

రెండోది అలెక్స్. దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలనిపిస్తోంది, ఎందుకంటే దీని వెనక ఒక అందమైన గణితం ఉంది. 1985లో జాన్‌పాల్ ద్వన్యాన్, జాన్‌క్లాడ్ ఫాల్మాన్ అనే ఇద్దరు బెల్జియం శాస్త్రవేత్తలు ఒక ఆలోచన ముందుకు తెచ్చారు. ఒక మనిషికి ఒక సబ్జెక్టులో ఎంత వచ్చు అన్నదాన్ని మార్కుల్లో కొలవడం మానేసి, ఏయే లెక్కలు చేయగలడు అనే జాబితాగా చూద్దాం అన్నారు. ఏ జాబితా పడితే ఆ జాబితా సాధ్యం కాదు. వర్గ సమీకరణం సాధించగలిగినవాడికి మామూలు సమీకరణం రాకపోవడం దాదాపు జరగని పని. కాబట్టి ఒక ప్రశ్నకి జవాబు తెలిస్తే, అడగని పది ప్రశ్నల గురించి కూడా ఊహించొచ్చు. ఈ సూత్రం మీదే 1990ల్లో కాలిఫోర్నియా యూనివర్సిటీ అర్వైన్ క్యాంపస్‌లో అలెక్స్‌ని తయారు చేశారు. ఇప్పుడది మెక్‌గ్రాహిల్ కంపెనీ చేతిలో ఉంది.

అందుకే ప్లేస్‌మెంట్ కోసం పెట్టే అలెక్స్‌లో 30 ప్రశ్నలకి మించి అడగరు. ఎక్కువ భాగం నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకునే తరహా కూడా కాదు, జవాబు మనమే టైప్ చేయాలి. రాని లెక్క వస్తే తెలియదని చెప్పే బటన్ ఉంటుంది. అన్నీ అయ్యాక స్క్రీన్ మీద గుండ్రంగా, రంగురంగుల భాగాలతో ఒక బొమ్మ వస్తుంది. భిన్నాల్లో ఇంత వచ్చు, సమీకరణాల్లో ఇంత వచ్చు, త్రికోణమితి ఇంకా మొదలవ్వలేదు అని అందులో విడివిడిగా కనబడుతుంది.

ఇంత వివరం తెలిశాక చాలా కాలేజీలు దాన్ని ఏం చేస్తాయి? 100కి 58 అనో, 74 అనో ఒక్క అంకె కింద కుదిస్తాయి. ఆ అంకె రిజిస్ట్రేషన్ సిస్టమ్‌లోకి వెళ్తుంది. కటాఫ్ 75 అయితే 74 వచ్చిన అమ్మాయికి కాలిక్యులస్ క్లాసు తెరుచుకోదు. ఆ అమ్మాయికి రానిదల్లా లాగరిథమ్స్ ఒక్కటేనేమో, రెండు వారాల్లో నేర్చేసుకునేదేమో, ఆ సంగతి సిస్టమ్ చూడదు. పాఠం చెప్పబోయే లెక్చరర్‌కి కూడా ఆ బొమ్మ చాలాచోట్ల చేరదు. ఈ పరీక్షల మీద నా ఫిర్యాదు ప్రధానంగా ఇదే.

ఒక్క అంకె మీద ఆధారపడితే ఏమవుతుందో కొలంబియా యూనివర్సిటీలోని కమ్యూనిటీ కాలేజ్ రీసెర్చ్ సెంటర్ 2012లో లెక్క తీసింది. టెస్ట్ ఒక్కదాన్నే చూసి కోర్సు కేటాయిస్తే గణితంలో దాదాపు నలుగురిలో ఒకరు బాగా తప్పు చోట పడుతున్నారని తేలింది. రానివాళ్లని పైకి పంపడం కన్నా, వచ్చినవాళ్లని కిందకి తోయడమే ఎక్కువగా జరుగుతోంది. హైస్కూల్ గ్రేడ్లు కూడా కలిపి చూస్తే ఈ తప్పు తగ్గింది. ఆలోచిస్తే ఇందులో ఆశ్చర్యం లేదు. నాలుగేళ్ల గ్రేడ్లలో తెలివితో పాటు హోంవర్క్ చేసే అలవాటు, క్లాసుకి వెళ్లే ఓపిక కూడా ఉంటాయి. ఒక రాత్రి పరీక్షలో అవి కనబడవు.

పోనీ, కింది కోర్సులో పడితే నష్టమేమిటి, పునాది గట్టిపడుతుంది కదా అని మన పెద్దవాళ్లు అంటారు. నష్టం ఉంది. రెమిడియల్ కోర్సులకి ఫీజు కట్టాలి, కానీ వాటి క్రెడిట్లు సాధారణంగా డిగ్రీలో కలవవు. పెల్ గ్రాంట్ అనే ప్రభుత్వ సహాయం కూడా రెమిడియల్ చదువుకి 30 క్రెడిట్ల దాకానే. అసలు దెబ్బ మాత్రం వేరే చోట తగులుతుంది. ఒక చిన్న లెక్క వేద్దాం, కాగితం అక్కర్లేదు.

వంద మందిని డిగ్రీకి పనికొచ్చే గణితానికి మూడు రెమిడియల్ కోర్సుల దూరంలో పెట్టారనుకోండి. ప్రతి కోర్సులో నూటికి 70 మంది పాసవుతారనుకుందాం. పాసైనవాళ్లలో నూటికి 80 మంది తర్వాతి కోర్సులో చేరతారనుకుందాం. రెండూ మంచి అంకెలే. మొదటి కోర్సు దాటేది 70 మంది. రెండో కోర్సులో చేరేది 56, దాటేది 39. మూడోదాంట్లో చేరేది 31, దాటేది 22. ఇప్పటికి ఏడాదిన్నర అయింది, డిగ్రీకి పనికొచ్చే గణితం ఇంకా మొదలవ్వలేదు. ఆ అసలు కోర్సులో చేరేది 17 లేదా 18 మంది, పాసయ్యేది 12. ఎక్కడా ఎవరూ ఘోరంగా ఫెయిల్ కాలేదు, అయినా వందమందిలో 12 మందే మిగిలారు.

ఇది నేను ఊహించి వేసిన లెక్క. నిజంగా జరిగినదాన్ని అదే పరిశోధన కేంద్రం 2010లో చూస్తే, గణితం రెమిడియల్‌కి పంపినవాళ్లలో మూడింట ఒక వంతు మందే ఆ వరస మొత్తం పూర్తి చేశారు. ఫెయిలై ఆగిపోయినవాళ్లకన్నా, అసలు చేరకుండానో, మధ్యలో తర్వాతి కోర్సులో పేరు నమోదు చేసుకోకుండానో జారిపోయినవాళ్లే ఎక్కువ. ఇంట్లో ఇబ్బంది వచ్చి ఉంటుంది, ఉద్యోగంలో షిఫ్ట్ మారి ఉంటుంది, లేదా విసుగొచ్చి ఉంటుంది. రెండు కోర్సుల మధ్య ఉండే ప్రతి సెలవూ ఒక తలుపే.

ఇది చూసి కొన్ని రాష్ట్రాలు చట్టాలే మార్చాయి. ఫ్లోరిడా 2013లో ఒక చట్టం చేసి, తమ ప్రభుత్వ హైస్కూళ్లలో ఇటీవల చదివి వచ్చినవాళ్లలో అత్యధికులకి ప్లేస్‌మెంట్ టెస్ట్ తప్పనిసరి కాకుండా చేసింది. కాలిఫోర్నియా 2017లో ఏబీ 705 అనే చట్టం తెచ్చింది. కమ్యూనిటీ కాలేజీలు, అంటే రెండేళ్ల ప్రభుత్వ కాలేజీలు, హైస్కూల్ రికార్డు చూసి, ఏడాదిలోగా డిగ్రీ స్థాయి గణితం పూర్తి చేసే అవకాశం ఎక్కడ ఎక్కువో అక్కడ కూర్చోబెట్టాలి అన్నది దాని సారాంశం. 2019 ఫాల్ సెమిస్టర్ నాటికి కాలేజీలన్నీ అమలు చేయాల్సి వచ్చింది.

న్యూయార్క్ సిటీ యూనివర్సిటీలో 2013లో జరిగిన ఒక ప్రయోగం మీద నాకు ప్రత్యేకమైన గౌరవం ఉంది, ఎందుకంటే వాళ్లు వాదించుకోవడం మానేసి చీటీలు తీసినట్టు పిల్లల్ని విడగొట్టారు. టెస్ట్ ప్రకారం ఎలిమెంటరీ ఆల్జీబ్రా రెమిడియల్ అవసరమని తేలిన 907 మంది, మూడు కాలేజీలు. కొందరిని ఆ రెమిడియల్‌లోనే పెట్టారు. కొందరికి దానితో పాటు వారం వారం ఒక వర్క్‌షాప్ ఇచ్చారు. మూడో గుంపుని నేరుగా కాలేజీ స్థాయి స్టాటిస్టిక్స్‌లో కూర్చోబెట్టి, పక్కన వర్క్‌షాప్ పెట్టారు. మొదటి గుంపులో నూటికి 39 మంది పాసయ్యారు, రెండోదాంట్లో 45, మూడోదాంట్లో 56. పైస్థాయి కోర్సు ఇచ్చిన గుంపే ఎక్కువగా పాసైంది. తర్వాతి ఏళ్లలో డిగ్రీ పూర్తి చేసినవాళ్లూ వాళ్లలోనే ఎక్కువ.

మరైతే టెస్టులు తీసేస్తే సరిపోతుందా? ఇక్కడే శాన్ డియేగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ నుంచి 2025 నవంబరులో వచ్చిన రిపోర్టు చదవాలి. అది సీటు సంపాదించడమే కష్టమైన యూనివర్సిటీ. అక్కడ గణితం హైస్కూల్ స్థాయికన్నా తక్కువ ఉన్న కొత్త విద్యార్థుల సంఖ్య 2020 నుంచి 2025 మధ్య దాదాపు 30 రెట్లయింది. 2025లో చేరినవాళ్లలో ఎనిమిది మందిలో ఒకరు ఆ కోవలోకి వచ్చారు. మ్యాథ్ 2 అనే రెమిడియల్ కోర్సు పిల్లలకి ఇచ్చిన లెక్కల్లో ఒకటి ఇది: ఏడు, రెండు కూడితే ఎంతో, ఖాళీలో ఉన్న అంకెకి ఆరు కలిపినా అంతే రావాలి. ఖాళీలో ఏముండాలి? మూడు. నూటికి పాతికమంది తప్పు రాశారు.

నవ్వుకోకండి. సమానం గుర్తు కనబడగానే ఇక జవాబు రాయాలి అని అలవాటుపడ్డ పిల్లాడు అక్కడ 9 రాసేస్తాడు. రెండు పక్కలా విలువ ఒకటే అన్న భావం అతనికి ఎవరూ పట్టుబట్టి చెప్పలేదు. ఇలాంటిదే ఇంకొకటి, సగానికి మూడో వంతు కలపమంటే లవాలు విడిగా, హారాలు విడిగా కూడి ఐదింట రెండు వంతులు అంటారు. సగంలో ఇంకొంత కలిపితే సగంకన్నా తగ్గడమేమిటని ఆగి చూసుకోరు. ఆ పునాదితో కాలిక్యులస్ క్లాసులో కూర్చోబెడితే, పక్కన ఎంత మంచి వర్క్‌షాప్ పెట్టినా కష్టమే.

ఇంకా ఇబ్బందిపెట్టే విషయం ఏమిటంటే, 2024లో ఆ మ్యాథ్ 2లో చేరినవాళ్లలో పాతికశాతానికి పైగా పిల్లలకి హైస్కూల్ గణితంలో సగటు 4.0 ఉంది, అంటే అన్నీ ‘ఏ’ గ్రేడ్లే. కరోనా కాలంలో పోయిన చదువు, ఎస్‌ఏటీ అనే కాలేజీ ప్రవేశ పరీక్ష స్కోర్లు చూడటం మానేయడం, ఉదారంగా వేసిన గ్రేడ్లు, ఇలా కారణాలు చాలా చెప్పింది ఆ రిపోర్టు. గ్రేడ్లు చూస్తే చాలు అని పదేళ్లుగా చెబుతున్నవాళ్లకి ఇది మింగుడుపడదు. కానీ గ్రేడ్లు దాచినదాన్ని అక్కడ బయటపెట్టింది ప్లేస్‌మెంట్ పరీక్షే. టెస్ట్ ఉండాలనే నేనంటాను. కాకపోతే కటాఫ్ దగ్గర తలుపు మూయడానికి బదులు, ఎవరికి ఏ పాఠం రాదో ఆ జాబితా లెక్చరర్ చేతికి మొదటి రోజే అందాలి. లాగరిథమ్స్ రాని అమ్మాయికీ, సమానం గుర్తు తెలియని అబ్బాయికీ ఒకే మందు ఎలా సరిపోతుంది?

ఇక ఈ టెస్ట్ రాయబోయే పిల్లలకీ, వాళ్ల తల్లిదండ్రులకీ రెండు మాటలు. అలెక్స్ పెట్టే కాలేజీల్లో సాధారణంగా ఒకసారి రాసి ఊరుకోనక్కర్లేదు, ఐదు అవకాశాల దాకా ఇస్తారు. ఎన్ని ఇవ్వాలన్నది కాలేజీ నిర్ణయం. మధ్యలో అదే సాఫ్ట్‌వేర్ మీకు రానివి ఏరి ప్రాక్టీస్ చేయిస్తుంది. మొదటిసారి ఏ సాయమూ లేకుండా రాయండి, తర్వాత రెండు మూడు వారాలు రోజూ గంట కూర్చోండి. ఏడాదిపాటు లెక్కల ముఖం చూడనివాళ్లకి భిన్నాలు, ఘాతాంకాలు, కారణాంకాలు సరిచేసుకుంటేనే స్కోరు బాగా కదులుతుంది.

ఇంట్లోనే రాసే పరీక్ష కదా అని ఇంజినీరింగ్ చదివిన అన్నయ్యని పక్కన కూర్చోబెట్టుకునేవాళ్లున్నారు. ఇప్పుడు అన్నయ్య పని ఫోన్‌లో ఏఐ చేసి పెడుతోంది. ఆ స్కోరుతో కాలిక్యులస్‌లో సీటు దొరుకుతుంది. మూడో వారం మొదటి క్విజ్‌కి మాత్రం అన్నయ్య రాడు. సగంలో కోర్సు వదిలేస్తే ట్రాన్‌స్క్రిప్ట్ మీద డబ్ల్యూ, అంటే మధ్యలో వదిలేశారన్న గుర్తు, పడుతుంది, గడువు దాటితే ఫీజు వెనక్కి రాదు. కింద మొదలుపెట్టి ఉంటే ఆ డబ్బుకి ఒక కోర్సు పూర్తయ్యేది.

టెస్ట్ మిమ్మల్ని మరీ కింద పడేసిందనిపిస్తే ఊరుకోవద్దు. హైస్కూల్ ట్రాన్‌స్క్రిప్ట్ పట్టుకుని అడ్వైజర్‌ని కలవండి. క్రెడిట్ వచ్చే కోర్సులోనే కూర్చుని పక్కన సపోర్ట్ క్లాసు తీసుకునే వీలుందా అని అడగండి, దాన్ని కోరిక్విజిట్ అంటారు. అంతకన్నా ముందు, మీ మేజర్‌కి, అంటే ప్రధాన సబ్జెక్టుకి, ఏ గణితం కావాలో కనుక్కోండి. ఇంజినీరింగ్‌కి కాలిక్యులస్ లేకుండా కుదరదు. సైకాలజీకో, సోషియాలజీకో చాలాచోట్ల స్టాటిస్టిక్స్ సరిపోతుంది. స్కోరు ఎన్నాళ్లు చెల్లుతుందో కూడా అప్పుడే అడిగేయండి, మొదటి సెమిస్టర్‌లో లెక్కలు తీసుకోకుండా వాయిదా వేస్తే కొన్ని కాలేజీల్లో టెస్ట్ మళ్లీ రాయాల్సి వస్తుంది.

ఉంటాను. నమస్కారం.