పప్పు కట్టుకి పదికి రెండే: మా పాప తిన్న సూపుల రివ్యూ

నమస్తే అండీ. ముందే చెప్పేస్తున్నా, నేను వంటవాణ్ణి కాదు, డాక్టర్ని అసలే కాదు. పది నెలల పాపకి నాన్నని, అంతే. మా ఆవిడకి ఇచ్చిన 26 వారాల ప్రసూతి సెలవు పాపకి ఆరో నెల నిండకముందే అయిపోయింది. నాదేమో ఇంటి నుంచి పని. దాంతో అన్నప్రాశన అయిన మర్నాటి నుంచి పగటిపూట గిన్నె, చెంచా నా చేతికొచ్చాయి. తల్లిపాలు పొద్దున, రాత్రి మామూలే. మధ్యాహ్నం డ్యూటీ నాది. అన్నట్టు, అన్నప్రాశన రోజు పాప ముందు పుస్తకం, పెన్ను, బంగారం, కత్తి అన్నీ పేర్చారు. అది అవన్నీ వదిలేసి పాయసం గరిటె వైపు చెయ్యి చాపింది. అప్పుడే నాకు అర్థమైపోయింది, నా పని తేలిక కాదని.

ఈ నాలుగు నెలల్లో చేసిన సూపులన్నిటికీ ఇవాళ మార్కులు వేస్తున్నాను. రుచికి జడ్జి మా పాప. మిగతా వాటికి నేను.

మొదటిది పప్పు కట్టు. మన ఇళ్ళలో చాలామంది మొదలుపెట్టేది దీంతోనే. కందిపప్పు ఉడికించి, పైకి తేరిన నీళ్ళు వంచి, ఓ చుక్క నెయ్యి వేసి పట్టడం. మా అమ్మ తెనాలి నుంచి వచ్చి మొదట్లో నాచేత ఇదే పట్టించింది. "బలమంతా కట్టులోకే దిగుతుందిరా" అంది. పాప గుటగుటా తాగేసింది. గంట తిరక్కుండానే ఆకలేడుపు. మూడు రోజులు ఇదే వరస.

నాలుగో రోజు ఏం చేశానంటే... ఇదిగో, ఈ గాజు గ్లాసు చూడండి. మీకు చూపించడానికి ఇవాళ పొద్దున మళ్ళీ చేశాను. పలచగా ఉడికించిన పప్పుని ఇందులో పోసి అరగంట కదపకుండా ఉంచాను. పైన ఇంత మేర తేట. అడుగున పప్పు. మేం పాపకి పట్టింది ఈ పైది. అడుగుదానికి తాలింపు పెట్టుకుని, అన్నంలో కలుపుకుని తిన్నది మేం!

ఈ వయసు పిల్లల కడుపులో కిలో బరువుకి సుమారు 30 మిల్లీలీటర్లు పడుతుందట. పాప ఎనిమిది కిలోలనుకోండి, 240. అంటే ఒక మంచినీళ్ళ గ్లాసు. అందులో నీళ్ళు పోసేస్తే ఇంక తిండికి చోటెక్కడ? ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం తల్లిపాలు తాగే పిల్లలకి పాలు కాక తిండి నుంచి రోజుకి 6 నుంచి 8 నెలల్లో 200 కేలరీలు, 9 నుంచి 11 నెలల్లో 300 కేలరీలు అందాలి. అది రోజుకి మూడు నాలుగు సార్లు పెట్టే తిండితో అందాలంటే గ్రాముకి కనీసం 0.8 కేలరీ ఉండాలి. కట్టులో అందులో పావు వంతు ఉన్నా గొప్పే.

ఈ లెక్కలన్నీ ఎవరు గుర్తుపెట్టుకుంటారు అంటారా? చెంచా చాలు. సూపు తీసి చెంచా కాస్త వంచండి. జారిపోకుండా చెంచాలో నిలిస్తే అది తిండి. కారిపోతే అది నీళ్ళు. ఈ వీడియోలో నేను మార్కులు వేసేటప్పుడు ముందు చూసేది ఈ చెంచా పరీక్షే.

పప్పు కట్టుకి పదికి రెండు. ఆ రెండూ మా అమ్మ మొహం చూసి.

రెండోది పెసరపప్పు, క్యారెట్ సూపు. ఇది మా ఇంట్లో సూపర్ హిట్. కొలతలు చెప్తా, రాసుకోండి. దోరగా వేయించిన పెసరపప్పు రెండు టేబుల్ స్పూన్లు, అంటే 25 గ్రాములు. చెక్కు తీసి తరిగిన చిన్న క్యారెట్ ఒకటి, 50 గ్రాములుంటుంది. నీళ్ళు 100 మిల్లీలీటర్లు. చిటికెడు పసుపు, చిటికెడు జీలకర్ర పొడి. అన్నీ ఒక గిన్నెలో వేసి, ఆ గిన్నెని కుక్కర్లో పెట్టి నాలుగు విజిల్స్. దించాక మెత్తగా మెదిపి, ఒక టీ స్పూను నెయ్యి. అంతే.

ఇప్పుడు నెయ్యి సంగతి. పప్పు, క్యారెట్ కలిపి సుమారు 105 కేలరీలు. మొత్తం సూపు 180 గ్రాములు వస్తుంది. అంటే గ్రాముకి 0.6 కూడా లేదు, ఇందాకటి 0.8 లెక్కలో ఫెయిల్. ఒక్క టీ స్పూను నెయ్యి వేయగానే ఇంకో 45 కేలరీలు కలిసి 0.8 దాటింది. పైగా క్యారెట్‌కి రంగునిచ్చే, ఒంట్లో విటమిన్ ఎ గా మారే బీటా కెరోటిన్ ఒంటికి పట్టాలంటే కొవ్వు కావాలి. కాబట్టి నెయ్యి వాసన కోసం వేసేది కాదు, కొలిచి వేయండి. ఈ 180 గ్రాములూ ఒక్కసారే పెట్టక్కర్లేదు. మా పాపకి ఏడెనిమిది నెలలప్పుడు రెండు పూటలకి సరిపోయేది. ఆరో నెలలో అయితే రెండు మూడు చెంచాలతో మొదలు.

క్యారెట్ సూపుకి పెద్ద చరిత్రే ఉంది. 1908లో ఎర్న్‌స్ట్ మోరో అనే పిల్లల డాక్టరు విరేచనాలవుతున్న పసిపిల్లలకి క్యారెట్లు గంటకి పైగా ఉడికించి, కాస్త ఉప్పేసి సూపు పట్టించాడు. ఓఆర్‌ఎస్ లేని రోజులవి. పుట్టిన పిల్లలు ఉలిక్కిపడి రెండు చేతులూ చాపేస్తారు చూడండి, దాన్ని మోరో రిఫ్లెక్స్ అంటారు. ఆ మోరో ఈయనే. అలాగని ఇప్పుడు విరేచనాలైతే క్యారెట్ సూపు నమ్ముకోకండి. ఓఆర్‌ఎస్ ఉంది, జింకు ఉంది, డాక్టరున్నారు.

పదికి తొమ్మిది. ఒక మార్కు ఎందుకు తగ్గిందో ఇప్పుడు చెప్తా.

మూడోది తియ్య గుమ్మడికాయ, కందిపప్పు. కొలతలు ఇందాకటివే, క్యారెట్ బదులు గుమ్మడి ముక్కలు. తియ్యగా ఉంటుంది కదా, పాప నోరు తెరిచి ఎదురుచూసేది. నేనూ సంబరపడిపోయి రెండు వారాలు ఒక పూట క్యారెట్, ఒక పూట గుమ్మడి దంచేశాను. ఒక రోజు పొద్దున మా అమ్మ వీడియో కాల్లో చూసి, "ఒరేయ్, పిల్లకి కామెర్లురా" అంది. చూస్తే నిజమే, ముక్కు కొస, అరచేతులు, అరికాళ్ళు పసుపు రంగు. టెన్షన్‌తో చెమటలు పట్టేశాయి. డాక్టరుగారు పాప కళ్ళు చూసి నవ్వారు. కంట్లో తెల్లగుడ్డు తెల్లగానే ఉంది, ఇది కామెర్లు కాదు, మీ కూరల రంగే అన్నారు. ఆ రెండూ తగ్గించి వేరేవి పెట్టాక కొన్ని వారాల్లో అదే పోయింది. కళ్ళు పసుపెక్కితే మాత్రం ఆలస్యం చేయొద్దు, వెంటనే చూపించండి. గుమ్మడికి ఎనిమిది.

ఉప్పు గురించి ఒక మాట. మా అమ్మ ప్రతి సూపూ రుచి చూసి "రోగం కూడులా ఉంది" అనేది. మనకి చప్పన, పాపకి కాదు. దానికి ఉప్పంటే ఏమిటో ఇంకా తెలియదు. ఏడాది నిండేదాకా మా ఇంట్లో పాప గిన్నెలో ఉప్పు, పంచదార, బెల్లం పడవు. తేనె అయితే నాలిక మీద రాయడం కూడా వద్దు. ఏడాది లోపు పిల్లల్లో దానివల్ల బాటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. పుట్టగానే తేనె నాకించే అలవాటు మన వైపు ఇంకా ఉంది కాబట్టి గట్టిగా చెప్తున్నా.

బీట్‌రూట్ సూపుకి నాలుగు. రంగు బాగుంటుంది, ఫోటోలు బ్రహ్మాండంగా వస్తాయి. మర్నాడు డైపర్ విప్పితే ఎర్రగా కనిపించి గుండె ఆగినంత పనైంది. నిన్న ఏం పెట్టానో గుర్తు తెచ్చుకోవడానికి ఒక నిమిషం పట్టింది. సోఫా కవరు మరక ఇప్పటికీ పోలేదు.

పాలకూర సూపు. "ఐరన్ పెరుగుతుంది" అని అందరూ చెప్పేది ఇదే. పాలకూరలో ఐరన్ ఉన్నమాట నిజమే గాని, ఒంటికి పట్టేది చాలా తక్కువ. పప్పుతో కలిపి, దించాక నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే కాస్త నయం, విటమిన్ సి ఐరన్‌ని లాక్కొస్తుంది. ఇంకో జాగ్రత్త, ఆకుకూర సూపు వండి గంటల తరబడి బయట ఉంచకూడదు. అందులోని నైట్రేట్లు నైట్రైట్లుగా మారతాయి, అవి పసిపిల్లలకి మంచివి కావు. వండినప్పుడే పెట్టేయాలి. మా పాప మొదటిసారి నా చొక్కా మీదే ఊసేసింది. రెండోసారీ అంతే. కొత్త రుచి పిల్లలకి అలవాటు కావడానికి ఎనిమిది, పది సార్లు పట్టొచ్చు. బలవంతం చేయకుండా, రెండు మూడు రోజులకోసారి ఒక చెంచా చూపించేవాణ్ణి. ఏడోసారో ఎనిమిదోసారో మింగింది. ఆ రోజు నేను ఆఫీసు మీటింగ్‌లో మ్యూట్ పెట్టి చప్పట్లు కొట్టాను. ఆరు మార్కులు.

ఇప్పుడు చికెన్ సూపు. ఇక్కడ నా పరువు నేనే తీసుకుంటాను. ఎనిమిదో నెలలో మొదటిసారి చేసినప్పుడు నాలుగు ముక్కలు, కాస్త అల్లం, మిరియాల పొడి ఆవగింజంత వేసి బాగా ఉడికించి, వడకట్టి, ఆ నీళ్ళు పాపకి పట్టాను. ముక్కలు? మేం తిన్నాం. అప్పుడు మా ఆవిడ అడిగింది, "కట్టు గురించి మీ అమ్మగారికి పాఠం చెప్పింది మీరేనా?" అని.

నిజమే కదా! తల్లి కడుపులో ఉండగా పోగుచేసుకున్న ఐరన్ ఆరో నెల వచ్చేసరికి కరిగిపోతూ ఉంటుంది. ఆ తర్వాత తిండి నుంచే రావాలి. అది ఉండేది ముక్కలో, నీళ్ళలో కాదు. మాంసంలో ఉండే ఐరన్ కూరల్లో ఉన్నదానికంటే బాగా ఒంటికి పడుతుంది కూడా. ఇప్పుడెలా చేస్తున్నానంటే, ఎముక లేని చికెన్ రెండు చిన్న ముక్కలు, ఒక బంగాళాదుంప, చెంచాడు బియ్యం కలిపి మెత్తగా ఉడికించి, చికెన్‌ని మిక్సీలో నూరి మళ్ళీ అందులోనే కలిపేస్తున్నాను. తొమ్మిదిన్నర. మేక కాళ్ళ సూపు పడితే పిల్లలు త్వరగా నడుస్తారని మా పక్కింటి పిన్నిగారు చెప్పారు. ఎముక ఉడికిన నీళ్ళలోకి కాల్షియం దిగేది చాలా కొంచెం. నడక దాని టైముకి అదే వస్తుందండి.

మాంసం తినని ఇళ్ళవాళ్ళు పప్పుల్లో నిమ్మరసం మర్చిపోకండి. ఆశా వర్కర్లు ఇచ్చే ఐరన్ సిరప్ సంగతి కూడా అడగండి. ఆరు నెలలు దాటిన పిల్లలకి వారానికి రెండుసార్లు ఒక మిల్లీలీటరు చొప్పున ఇస్తారు. మీ డాక్టరుకి ఒక మాట చెప్పి వేయండి.

ప్యాకెట్ సూపు పొడులకి సున్నా. వెనక ఏం రాసుందో చదవండి. కార్న్‌ఫ్లోర్, ఉప్పు, పంచదార... పెద్దవాళ్ళ సరుకు అది.

సామాన్ల దగ్గరికొస్తే, ఇది మిక్సీ చిన్న జారు. ఇది మా అమ్మ తెచ్చిన చెక్క పప్పు గుత్తి. మొదటి నెల మిక్సీయే వాడాను, సూపు గోడకేసే పెయింటులా నున్నగా వచ్చేది. దానికి అలవాటుపడి ఎనిమిదో నెలలో చిన్న పలుకు తగిలినా పాప ఉమ్మేసేది. మెల్లగా పప్పు గుత్తికి మారాం. మొదట బాగా మెదిపి, తర్వాత తర్వాత తక్కువ మెదిపి. పది నెలలు దాటినా నున్నటివే పెడుతూ పోతే ముందు ముందు నమలడం అలవాటు చేయడం కష్టమవుతుంది. చికెన్ ఒక్కదానికి తప్ప ఇప్పుడు నాకు మిక్సీతో పనిలేదు. కడుక్కునే బాధ కూడా తప్పింది. తాలింపు మాత్రం వేయకండి, ఆవాలు, మిరపకాయ ముక్క గొంతుకి అడ్డం పడతాయి.

సూపుని పాలసీసాలో పోసి, నిపుల్ కన్నం పెద్దది చేసి తాగించడం కొందరి ఇళ్ళలో చూశాను. దయచేసి ఆ పని వద్దు. సీసాలోంచి దిగిందంటే అది చెంచా పరీక్షలో పోయినట్టే. పైగా ఆ నిపుల్‌ని శుభ్రం చేయడం మన వల్ల కాదు. మిగిలినది ఫ్రిజ్‌లో పెట్టినా నేను 24 గంటలు దాటనివ్వను. ఒక్కసారే, పొగలొచ్చేదాకా వేడి చేసి, చల్లార్చి పెడతాను. పాప ఎంగిలి చెంచా ముంచిన గిన్నెలోది దాచను. ఒక రోజు మధ్యాహ్నమంతా కరెంటు పోయింది. ఫ్రిజ్‌లో చికెన్ సూపు బాగానే ఉన్నట్టనిపించింది గాని ధైర్యం చాలక పారబోశాను. కొత్త పదార్థం ఏదైనా ఒక్కొక్కటిగా, మూడు రోజులు గమనించాకే ఇంకోటి. దద్దుర్లు, వాంతులు వస్తే దేనివల్లో తెలియాలి కదా.

ఇదిగో, ఇవాళ్టి గిన్నె. పెసరపప్పు, క్యారెట్, దానికి తోడు నిన్నటి నుంచి రెండు చెంచాల మెత్తటి అన్నం కూడా మెదుపుతున్నాను. (గిన్నె వంచి చూపిస్తూ) చూడండి, చెంచా నిలబెడితే నిలబడుతోంది. ఇందాక మా అమ్మకి ఫోన్‌లో చూపించి "సూపు ఎలా ఉందమ్మా?" అంటే, "సూపేంట్రా, అది పప్పన్నం" అంది.