గోమార్లకూ శత్రువులుండారు

అన్నలకు, అక్కలకు, ఆ వేపచెట్టు కింద కూర్చున్న పెద్దోళ్లకు అందరికీ నమస్కారం. పాలు పోసి ఇండ్లకు పోయేటోళ్లను ఆపినాం, తిట్టుకోవద్దు, ఎక్కువసేపు పట్టుకోను.

ఈ సీసా చూడండి. ఇందాక వస్తా వస్తా మీ ఊళ్లోనే ఒక జెర్సీ ఆవు పొదుగు పక్కన పీకిన గోమారి ఇది, పిడుదు అనండి ఏమన్నా అనండి, రక్తం తాగి ఆముదం గింజ మాదిరి ఉబ్బింది. తమాషా ఏమంటే లాటిన్ భాషలో కూడా ఆముదానికీ దీనికీ ఒకటే పేరంట, రిసినస్ అని. ఎవరు చూసినా అట్లే కనిపిస్తాది మరి.

దీన్ని పీకినాక మీరేం చేస్తారు? పక్కకు ఇసిరేస్తారు. నేనూ చిన్నప్పుడు అదే పని చేసినా, మా జేజి ఎనుము చెవుల్లోంచి పీకి పీకి కొట్టంలోనే పారేసేవాణ్ణి. దానికి కావాల్సింది కూడా అదే. కడుపు నిండినాక ఆడగోమారి ఎట్లాగూ తనంతట తానే రాలి కింద పడాల, పడి మెల్లగా కడప బండల సందులోకో మేత వేసే గాటిపాట అడుక్కో గోడ నెర్రెలోకో పోయి రెండువేలు, మూడువేలు గుడ్లు పెట్టి సచ్చిపోతాది. ఆ గుడ్లు పగిలి ఆవగింజ కంటే చిన్న పిల్లలు వస్తాయి, అవి తిండి లేకున్నా నెలల తరబడి ఆవు కోసం కాసుకోనుంటాయి. ఆవుల మీద ఎక్కువగా కనిపించే రకం ఆవు ఒంటి మీద ఉండేది మొత్తం మీద మూడు వారాలే. అంటే మీకు ఆవు మీద కనిపించేవి కొన్నే, కనపడనివి మీ కాళ్ల కింద ఉండేవి చానా ఎక్కువ. మనం మందు కొట్టేది మాత్రం ఆవుకు. ఇంకో సంగతి, పీకినేదాన్ని ఉత్త చేతులతో నలపొద్దు, వీటిలో కొన్నిటి వల్ల మనుషులకు కూడా జబ్బు వస్తాది, 2011లో గుజరాత్‌లో బయటపడిన కాంగో జ్వరం హయలోమా అనే జాతి గోమారి మోసే జబ్బే. కిరసనాయిలు ఉండే డబ్బాలో వేసేయండి.

మందు గురించి నేను మంచోడి మాదిరి మాట్లాడలేను. పశువుల శాఖ సర్వీసులో కొత్తల్లో నేను కూడా, డెల్టామెత్రిన్ అనే గోమార్ల మందు కొట్టినా పోలేదు అని ఒక రైతు వస్తే ఇంకొంచెం ఎక్కువ కలుపుకో అని చెప్పినా. ఆ నెల పోయినాయి, మళ్లీ ఏడాదికి అవే గోమార్లు మందు తాగినా నవ్వుకుంటా తిరిగినాయి, ఎందుకంటే చావకుండా మిగిలినవే కదా పిల్లల్ని పెట్టింది. అంతకంటే బాధ ఏమంటే ఆ రైతు ఇంటి కోళ్లు రాలిపడిన గోమార్లను ఏరుకొని తిని నాలుగు సచ్చినాయి. ఆ అక్క నన్ను తిట్టిన తిట్లు ఇప్పటికీ గుర్తుండాయి. కానీ ఆ రోజే నాకు బుర్రలో ఒకటి తట్టింది, కోళ్లు వీటిని ఇంత ఇష్టంగా తింటాయా అని.

తింటాయి. కెన్యాలో దీన్ని లెక్కపెట్టి చూసినారు. గోమార్లు పట్టిన పశువుల మధ్య నాటుకోళ్లను కొంచెంసేపు వదిలి తర్వాత వాటి కడుపులు కోసి చూస్తే ఒక్కోదాంట్లో సగటున ఎనభై దాకా గోమార్లు ఉన్నాయంట, ఎక్కువ తిన్నదాంట్లో మూడు వందలు దాటినాయి. గింజలు వేయకుండా పొద్దున్నే గూటిలోంచి తీసి నేరుగా కొట్టంలోకి వదిలితే చాలు, ఆవు పడుకున్నప్పుడు మెడ కింద, తొడల సందులో పొడుచుకొని తింటాయి, బండల సందులు గీరి కిందపడినవి కూడా తింటాయి. అయితే మూడు జాగ్రత్తలు. పుండ్లుండే ఆవు దగ్గరికి పోనివ్వద్దు, కోడికి పుండు కూడా తిండే. మందు కొట్టినాక చానా రోజులు కోళ్లను కట్టేయండి, నా కథ విన్నారు కదా. కోళ్ల గూడు కొట్టంలో పెట్టొద్దు, కోళ్లకు వేరే జాతి పిడుదు ఉంది, అదొక తలనొప్పి.

ఇంక పిట్టల సంగతి. పసులపోలిగాడు, అదే నల్లగా తోక చీలి ఉంటాదే, ఎద్దు వీపు మీద కూర్చుంటాదని గోమార్లు తింటాదని మనం అనుకుంటాం. ఎక్కువగా అది చూసేది ఎద్దు నడిస్తే గడ్డిలోంచి లేచే మిడతల కోసం. తెల్లకొంగ కూడా అంతే. కాకి, గోరింక మాత్రం నిజంగా పీకుతాయి. ఆఫ్రికాలో ఆక్స్‌పెకర్ అని ఒక పిట్ట ఉంది, దాని బతుకే పశువుల ఒంటి మీద. దక్షిణాఫ్రికాలో గోమార్లు చావాలని పశువులను ఆర్సెనిక్ విషం కలిపిన నీళ్లలో ముంచే కాలంలో ఆ పిట్టలు కూడా పోయినాయి, అందులో పసుపు ముక్కు జాతి అయితే అక్కడ మొత్తానికే కనపడకుండా పోయి 1970ల చివర్లో మళ్లీ వచ్చింది. మరి ఆ పిట్ట దేవుడా అంటే కాదు, జింబాబ్వేలో ఎద్దుల దగ్గరికి పిట్టలు రాకుండా తోలి చూస్తే గోమార్లు పెరగలేదు, పిట్టలు వచ్చే ఎద్దులకేమో పుండ్లు మానలేదు. రక్తం రుచి దానికీ తెలుసు. అందుకే పిట్ట ఎక్కింది కదా అని నిద్రపోవద్దు.

చీమలు కూడా సాయమే. కిందపడిన లావు గోమారిని చీమలు లాక్కోని పోయేది మీరే చూసింటారు. కొట్టం చుట్టూ చీమల పౌడర్ చల్లేటోళ్లు ఒకసారి ఆలోచించండి.

ఒక చిన్న కందిరీగ ఉంది, కంటికి సరిగ్గా ఆనదు, పేరు ఇక్సోడిఫేగస్. గోమారి పిల్ల లోపల గుడ్లు పెడతాది, దాని పిల్లలు గోమారిని లోపల్నుంచే తినేసి బయటికొస్తాయి. కెన్యాలో ఒక ఏడాదిలో లక్షా యాభై వేలు వదిలితే ఒక జాతి గోమారి పశువుకు 44 ఉండేది 2కు పడిపోయింది. అదే పొలంలో ఇంకో జాతి మీద దాని పప్పులు ఉడకలేదు. ఇది మనకు అంగట్లో దొరకదు, ఇట్లాంటిది ఒకటి ఉందని తెలియాలని చెప్పినా.

దొరికేది బూజు. సెనిక్కాయలో వేరుపురుగుకు మెటారైజియం వాడినోళ్లు ఇక్కడ ఎంతమంది? చేతులెత్తండి... సరే, చానామందే. 1879లో, ఇప్పటి ఉక్రెయిన్‌లో ఉండే ఒడెస్సా దగ్గర మెచ్నికోవ్ అనే శాస్త్రవేత్త గోధుమచేను పెంకుపురుగు మీద పరీక్షించింది ఈ బూజునే. దీని గింజ గోమారి చర్మానికి అంటుకొని మొలకెత్తి లోపలికి వేరు దించుతాది, వారం పది రోజుల్లో చంపుతాది. మందులాగా సాయంత్రం కొట్టి పొద్దున్నే చూసి ఏం కాలేదే అంటే కుదరదు. ఇంకోటి, దీనికి తేమ కావాల, ఎండ పడకూడదు. మన అనంతపురం జిల్లా ఏప్రిల్ ఎండలో కొడితే ఆ డబ్బా డబ్బులు గాల్లో పోసినట్టే. వానలు పడినాక, పొద్దు మునిగేటప్పుడు, కొట్టం నేల మీద, గోడ నెర్రెల్లో, గాటిపాట కింద తడిచేటట్టు కొట్టండి. డబ్బా మీద రాసుండేది పంటలకే, ఆవు ఒంటి మీద కొట్టమని నేను చెప్పను. అదే వారం సున్నం, బ్లీచింగ్ చల్లి దాన్ని చంపుకోవద్దు.

నాటు ఆవులకు ఇవి తక్కువ పడతాయని మా అబ్బ చెప్తా ఉంటే ముసలోళ్ల మాట అనుకున్నా, నిజమే అది. మన ఒంగోలు జాతి బ్రెజిల్ పోయి నెలోర్ అయి కోట్లల్లో పెరిగిందంటే గోమార్లను తట్టుకునే చర్మం కూడా ఒక కారణం. జెర్సీ, హెచ్చెఫ్ లాంటి సీమావులు పెట్టుకున్నోళ్లకే తిప్పలు ఎక్కువ.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తా. ఆవుకు జ్వరం కాసి, భుజం ముందర గడ్డ ఉబ్బినా, మూత్రం కాఫీ డికాషన్ మాదిరి పోసినా ఇంక కోళ్లు, బూజు అని కూర్చోవద్దు, అది గోమార్లు అంటించే థైలేరియా జబ్బో బబీసియా జబ్బో అయ్యుంటాది, ఆ పూటే డాక్టర్ని పిలవండి.

ఇప్పుడు ఎవరిదన్నా కొట్టం చూద్దాం పదండి, దగ్గర్లో ఉండేది. ఒక గునపం, ఒక టార్చిలైటు తీసుకోండి, గాటిపాట పక్కన ఒక బండ లేపి చూపిస్తా.