వాషింగ్ మెషీన్‌ను అనుమానించిన రౌటర్: మూడు వారాల తర్వాత నా రివ్యూ

నమస్కారం. ఈ రౌటర్‌ను తయారీ సంస్థ నాకు ఉచితంగా పంపింది. ఈ వీడియోకు డబ్బు మాత్రం తీసుకోలేదు. వేగం, యాంటెన్నాలు, ధర వంటి వివరాలు మీరు ఇప్పటికే చూసి ఉంటారు కాబట్టి, నన్ను బాగా ఇబ్బంది పెట్టిన ఒక్క విషయం గురించే మాట్లాడతాను.

దీని యాప్‌లో ఏ పరికరం ఎంత డేటా వాడిందో చూపే పేజీ ఉంది. రెండో రోజే మా వాషింగ్ మెషీన్ పేరు పక్కన ఎర్రటి అక్షరాలతో ‘అనుమానాస్పదం’ అని వచ్చింది. ఎందుకు అనుమానించాలో, ఆ డేటా ఏ చిరునామాకు వెళ్ళిందో ఎక్కడా లేదు. మా అమ్మగారు భయపడి మెషీన్ ప్లగ్ తీసేసి, రెండు రోజులు బట్టలు చేత్తో ఉతికారు. ఆ రెండు రోజుల్లోనూ, కరెంటే లేని ఆ మెషీన్ ఖాతాలో యాప్ మరో 1.4 జీబీ రాసింది! వెదికితే, మెషీన్‌కు ఇచ్చిన ఐపీ చిరునామాను, అంటే ఇంటి నెట్‌వర్క్‌లో పరికరాన్ని గుర్తించే నంబరును, రౌటర్ తరువాత మా టాబ్లెట్‌కు ఇచ్చిందనీ, పేరు మాత్రం మార్చలేదనీ తేలింది.

2024 జనవరిలో ఒక ఎల్‌జీ వాషింగ్ మెషీన్ రోజుకు 3.6 జీబీ డేటా వాడుతోందని దాని యజమాని పెట్టిన స్క్రీన్‌షాట్ గుర్తుందా? రౌటరే లెక్క తప్పుగా చూపి ఉండవచ్చని తరువాత ఆయనే అన్నారు. మొదటి మాట నాకు పదిమంది పంపారు, రెండో మాట ఒక్కరూ పంపలేదు.

నా పాత రౌటర్‌ది మరో రకం తప్పు. వైఫై కెమెరా నుంచి ఇంట్లోనే ఉన్న రికార్డర్‌కు వెళ్ళే వీడియోను కూడా అది ఇంటర్నెట్ వాడకంగా లెక్కగట్టేది. సెకనుకు 2 మెగాబిట్ల వీడియో రోజంతా నడిస్తే 21.6 జీబీ అవుతుంది. అందులో ఒక్క బైటు కూడా గడప దాటదు.

పరికరాలన్నీ అమాయకమైనవని నేను అనడం లేదు. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ (హాని చేసే సాఫ్ట్‌వేర్), ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లు మార్చని కెమెరాలనూ వాటి వీడియో రికార్డర్లనూ (డీవీఆర్) వశపరచుకుని దాడులకు వాడుకుంది. చవకైన టీవీ బాక్సుల వంటి పరికరాల ద్వారా పరాయివారు ఇంటి ఇంటర్నెట్‌ను దారిగా వాడుకుంటున్నారని 2025 జూన్‌లో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ హెచ్చరించింది. అయితే అక్కడ నిపుణులు మాల్వేర్‌నూ, అది మాట్లాడే సర్వర్లనూ పరిశీలించి చెప్పారు. ఇక్కడ ఒక అంకె, ఒక ఎర్ర రంగు తప్ప ఏమీ లేదు.

సిగ్నల్ మా వెనక గది దాకా చక్కగా అందుతోంది. అయినా ఆధారం చూపకుండా ఇంట్లోవాళ్ళను భయపెట్టే యాప్‌ను నేను సమర్థించలేను కాబట్టి, దీన్ని కొనమని చెప్పడం లేదు. ఇప్పటికే కొన్నవారు ఆ హెచ్చరిక కనిపిస్తే, పరికరాన్ని ఒక రోజు ఆపి ఉంచి లెక్క ఆగిందో లేదో చూడండి. మొత్తం వాడకాన్ని మీ ఇంటర్నెట్ సంస్థ ఖాతా పేజీలోని అంకెతో పోల్చండి.