నూలు తేడా

అందరికీ నమస్కారం.

ఇందాక నన్ను పరిచయం చేసిన అమ్మాయి, "చిన్నప్పటి నుంచీ వీరికి ఇంటి అలంకరణ అంటే ప్రాణం" అని చెప్పింది. ఆ కాగితం ఎవరు రాసిచ్చారో గానీ అది నిజం కాదు. మా చిన్నప్పుడు ఇంట్లో అలంకరణ అంటే పండక్కి గడపలకు పసుపు రాయడం, టీవీ మీద అల్లిక గుడ్డ కప్పడం. ముప్ఫై ఆరేళ్లు వచ్చేదాకా నాకు ప్లైవుడ్ మీద అతికించే లామినేట్‌కీ వెనీర్‌కీ తేడా తెలీదు. అప్పటిదాకా పదకొండేళ్లు ఒక బ్యాంకులో హోమ్ లోన్ సెక్షన్‌లో పనిచేశాను. ఆస్తి మీద అప్పులేమైనా ఉన్నాయేమో చెప్పే ఈసీలు, పాత యజమానుల లింకు డాక్యుమెంట్లు, మంజూరైన ప్లాన్లు. స్లాబ్ పడిందా, గోడలు లేచాయా అని సైట్‌కి వెళ్లి చూసి రావడం, దాన్ని బట్టి తర్వాతి విడత డబ్బు విడుదల చేయించడం. ఇదీ నా పని. ఇంటీరియర్ డిజైన్‌లోకి వచ్చింది ఆ తర్వాతే.

ఇక్కడ కూర్చున్న వాళ్లలో చాలామంది ఉద్యోగం మారాలనుకుంటున్నారని తెలుసు. కొందరికి మారక తప్పని పరిస్థితి కూడా. మీలో ఒకరు పొద్దున ఫోన్‌లో అడిగారు, "మేడమ్, నాకు కలర్ సెన్స్ లేదు, పనికొస్తానా?" అని. నా పనిలో రంగులు ఎంచే రోజులు నెలకు రెండో మూడో ఉంటాయి. మిగతా రోజులన్నీ కొలతలు, లెక్కలు, ఫోన్లు, ఎవరో ఒకరి టెన్షన్ వినడం. పదకొండేళ్ల బ్యాంకు పనిలో చేసిందీ అదే కదా.

మొదలు ఎలా అయిందో చెబుతాను. మా ఫ్లాట్ కొన్నప్పుడు కిచెన్ పని ఒకళ్లకి అప్పగించాం. అందంగానే చేశారు. గ్రానైట్ గట్టు నేల నుంచి ముప్ఫై ఆరు అంగుళాల ఎత్తులో పెట్టారు. మా అత్తయ్య నాలుగడుగుల పది అంగుళాలు. ఆ గట్టు మీద స్టవ్, స్టవ్ మీద మూకుడు. పులిహోర కలపాలంటే ఆవిడ పీట వేసుకుని నిలబడేవారు. మోకాళ్ల నొప్పులున్న మనిషి రోజుకు పదిసార్లు పీట ఎక్కి దిగడం. ఒకరోజు పీట జారింది. దెబ్బ పెద్దగా తగల్లేదు, నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు టేపు తీసుకుని ఆవిడని నిలబెట్టి నేల నుంచి మోచేతి దాకా కొలిచాను. "నా పాడె కొలుస్తున్నావేంటే" అని నవ్వారు. నిలబడి పనిచేసే గట్టు మోచేతికి ఓ నాలుగంగుళాలు కిందుంటే భుజం నొప్పెట్టదని ఎక్కడో చదివాను. మేస్త్రీని పిలిచి స్టవ్ ఉన్న భాగం వరకు గ్రానైట్ కోయించి ఐదంగుళాలు దింపించాను. అంతే. పీట అటక మీదికి వెళ్లిపోయింది. ఆ వారంలోనే మా ఫ్లోర్‌లో ఇద్దరు వచ్చి చూసి, "మాకూ చెప్పండి" అన్నారు. వాళ్ల ఇళ్లల్లోనూ పీటలున్నాయి మరి.

తర్వాత చదివితే తెలిసింది, ఈ సంగతిని వందేళ్ల కిందటే ఒకావిడ పట్టించుకుంది. అమెరికాలో లిలియన్ గిల్బ్రెత్. ఆవిడ డిజైన్ చదవలేదు. 1915లో సైకాలజీలో డాక్టరేట్ తీసుకుంది. భర్తతో కలిసి ఫ్యాక్టరీల్లో కార్మికుల కదలికలు లెక్కపెట్టి, వృథా శ్రమ ఎక్కడుందో చెప్పే పని చేసేది. పన్నెండుమంది పిల్లల తల్లి. 1924లో భర్త చనిపోయాడు. ఆడమనిషిని ఇంజనీరింగ్ సలహాదారుగా పెట్టుకోవడం ఫ్యాక్టరీ వాళ్లకి ఇష్టం లేక కాంట్రాక్టులు ఆగిపోయాయి. పిల్లల్ని పోషించాలి. అప్పుడు వంటింటి మీదికి మళ్లింది. ఫ్యాక్టరీలో అడుగులు లెక్కపెట్టినట్టే వంటింట్లోనూ లెక్కపెట్టింది. గట్టు ఎత్తు మనిషిని బట్టి ఉండాలంది. ఆవిడకి వంట పెద్దగా రాదని చెబుతారు. నాకు ఆ సంగతి విన్నప్పుడల్లా ధైర్యం వస్తుంది.

మన దేశంలో చూస్తే, ఇంటీరియర్ డిజైనర్ సునీతా కోహ్లీ గారు చదివింది ఇంగ్లిష్ సాహిత్యం. పాత ఫర్నిచర్‌ని బాగుచేయించే పనితో మొదలై రాష్ట్రపతి భవన్ లోపలి పనులదాకా వెళ్లారు. 1992లో పద్మశ్రీ వచ్చింది. ఢిల్లీలో మన నిజాం కట్టించుకున్న హైదరాబాద్ హౌస్ లోపలి పనులు కూడా ఆవిడవే.

సరే, చదువు సంగతి. మన దేశంలో 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం, రిజిస్టర్ కాకుండా ఎవరూ ఆర్కిటెక్ట్ అని పేరు పెట్టుకోకూడదు. ఇంటీరియర్ డిజైనర్‌కి అలాంటి లైసెన్సు అక్కర్లేదు. మనలాంటి వాళ్లకి తలుపు తెరిచి ఉంది. అదే తలుపులోంచి అడ్వాన్సు తీసుకుని మాయమయ్యే వాళ్లూ వస్తున్నారు, అందుకే కస్టమర్ మనల్ని మొదటి రోజు అనుమానంగా చూస్తాడు. దానికి బాధపడొద్దు. నేను వారాంతాల్లో ఏడాది డిప్లొమా చేశాను. డ్రాయింగులు వేసే సాఫ్ట్‌వేర్లు ఆటోక్యాడ్, స్కెచప్ అక్కడే నేర్చుకున్నాను. నిజంగా పనికొచ్చింది మాత్రం బాలానగర్ వైపు కిచెన్ డబ్బాలు, అంటే క్యాబినెట్లు, తయారుచేసే ఒక మాడ్యులర్ కార్ఖానాలో జీతం లేకుండా చేసిన నాలుగు నెలలు. ఎనిమిదడుగులు బై నాలుగడుగుల ప్లైవుడ్ షీటులోంచి ఎన్ని ముక్కలు వస్తాయో, ఎంత వృథా పోతుందో కళ్లతో చూడాలి. సింక్ కింద ఏ ప్లైవుడ్ పెట్టాలో క్లాసులో చెప్పారు. నీళ్లు తగిలినా నిలిచే రకం, ఐఎస్ 710 ముద్ర ఉన్నదే పెట్టాలని. కార్ఖానాలో ఒక పెద్దాయన, తక్కువ రకం పెట్టి రెండేళ్లు వాడి తిరిగొచ్చిన డబ్బా అడుగు చూపించాడు. తడిసిన అట్టపెట్టెలా పొరలు పొరలుగా విడిపోయి ఉంది. వేలు పెడితే దిగింది. ఇక మర్చిపోలేదు.

అక్కడే నూలు అనే మాట కూడా నేర్చుకున్నాను. అంగుళంలో ఎనిమిదో వంతును మన మేస్త్రీలు నూలు అంటారు. రాజస్థాన్ నుంచి వచ్చిన కార్పెంటర్లు సూత్ అంటారు. రెండింటికీ అర్థం దారమే. దారమంత తేడా వస్తే డ్రాయర్ పట్టేస్తుంది. బ్యాంకులో పేరులో ఒక అక్షరం తేడా ఉంటే ఫైలు వెనక్కి పంపేదాన్ని. ఆ చాదస్తానికి ఇక్కడ గౌరవం దొరికింది.

దొరికింది అన్నానే గానీ, మొదటి పెద్ద పనిలో నేనే ఆ చాదస్తం వదిలేశాను. త్రీ బెడ్‌రూమ్ ఫ్లాట్. ఉత్త ప్లాస్టరింగ్ గోడ మీద కిచెన్ కొలతలు తీసుకున్నాను. ఎనిమిదడుగుల నాలుగంగుళాలు. మూడుసార్లు కొలిచాను, మూడుసార్లూ ఒకటే. డబ్బాలు తయారీకి పంపాను. ఈలోగా ఇంటావిడ మనసు మార్చుకుని గోడలన్నీ కింది నుంచి పైదాకా టైల్స్ వేయించారు. నాకు చెప్పారు కూడా. "మంచిదండీ, బాగుంటుంది" అన్నాను. టైలు, వెనక మాలు కలిపి ఒక్కో పక్క ముప్పావు అంగుళం. రెండు పక్కలా అంగుళంన్నర తినేసింది. మే నెల మధ్యాహ్నం, లిఫ్ట్ ఇంకా పెట్టలేదు, మూడో అంతస్తుకి డబ్బాలు మోసుకొచ్చారు. మూడు డబ్బాలు కూర్చున్నాయి. నాలుగోది కూర్చోలేదు. కార్పెంటర్ ఓసారి భుజంతో నెట్టాడు. ఇంకోసారి నెట్టాడు. తర్వాత డబ్బా దించి, దాని మీదే కూర్చుని నావైపు చూశాడు. ఏమీ అనలేదు.

ఆ డబ్బా, దాని తలుపులు మళ్లీ చేయించడానికి ముప్ఫై ఎనిమిది వేలయింది. ఆ పని మొత్తానికి నా డిజైన్ ఫీజు నలభై ఐదు వేలు. కస్టమర్‌ని ఒక్క రూపాయి అడగలేదు, అడిగే మొహం కూడా లేదు. ఇంటికొస్తూ ఆలోచిస్తే అసలు నొప్పి డబ్బు దగ్గర కాదని తెలిసింది. బ్యాంకులో ఉండగా సవరించిన ప్లాన్ వస్తే, పాత ప్లాన్ మీద లోన్ వదిలేదాన్నా? చచ్చినా వదిలేదాన్ని కాదు. ఫైలంతా మొదటి నుంచి చూసేదాన్ని. కొత్త పనిలోకి వచ్చానని పాత బుద్ధిని చెప్పులతో పాటు గుమ్మం బయట విడిచి వచ్చాను. ఇప్పుడు గోడ మీద ఏ చిన్న మార్పు జరిగినా మళ్లీ కొలుస్తాను, కొలిచిన కాగితం మీద తేదీ వేసి ఇంటివాళ్లతో సంతకం పెట్టిస్తాను. కొందరికి కోపం వస్తుంది. రానివ్వండి.

డబ్బు విషయంలోనూ బ్యాంకు అలవాటే ఆదుకుంది. పని ఎంతవరకు అయితే అంతవరకు డబ్బు. ఏ గ్రేడు ప్లైవుడ్, ఎన్ని ఎంఎం, ఏ కంపెనీ హింజెస్, అన్నీ కాగితం మీద. జీఎస్టీ పద్దెనిమిది శాతం అని మొదటి రోజే చెప్పేస్తాను, చివర్లో చెబితే గొడవ. ఇంకో సంగతి, దుకాణాల వాళ్లు డిజైనర్లకి కమిషన్ ఇస్తారు. చాలామంది తీసుకుంటారు, నేను తీసుకోను. ఆ మేరకు కస్టమర్‌కి తగ్గించమంటాను. ఇది పుణ్యం కోసమేమీ కాదు. హోమ్ లోన్ అంతా రిజిస్ట్రేషన్‌కి ఖర్చయిపోయి, చెక్క పని కోసం ఎక్కువ వడ్డీకి పర్సనల్ లోన్ తీసుకోవడానికి మళ్లీ మా కౌంటర్ ముందుకొచ్చిన మొహాలు నాకు గుర్తున్నాయి. మొదటి ఏడాది నా సంపాదన బ్యాంకు జీతంలో సగం కూడా లేదు. పద్నాలుగు నెలల ఖర్చులు ముందే దాచుకున్నాను కాబట్టి నిలబడ్డాను. అది లేకుండా రాజీనామా రాయకండి.

నా స్నేహితురాలు ఒకామె స్టాఫ్ నర్సుగా పదిహేనేళ్లు చేసి ఈ పనిలోకి వచ్చింది. నాకన్నా మంచి బాత్‌రూములు చేస్తుంది. తలుపు బయటికే తెరుచుకోవాలంటుంది. ఎందుకంటే, లోపల పెద్దవాళ్లు పడిపోతే తలుపుకి అడ్డంగానే పడతారు, లోపలికి తెరిచే తలుపైతే ఎవరూ వెళ్లలేరు. పట్టుకునే కడ్డీని టైలు మీద ఊరికే బిగించనివ్వదు, ఎనభై కిలోల మనిషి వేలాడినా ఊడకూడదంటుంది. ఏ కాలేజీలో చెబుతారు ఇవన్నీ? సాఫ్ట్‌వేర్ వాళ్లూ వస్తున్నారు. డ్రాయింగులు బాగా వేస్తారు, కార్పెంటర్‌తో మాట్లాడమంటే మెయిల్ పెడతామంటారు.

ఫోటోలు చూపించి "ఇలా కావాలి" అనే వాళ్లు మీకూ వస్తారు. తెల్లటి ఓపెన్ కిచెన్, గట్టు మీద ఒక్క నిమ్మకాయల గిన్నె. అప్పుడు నేను వాళ్లింటి సామాను చూపించమంటాను. వెట్ గ్రైండర్, ఇడ్లీ పాత్ర, ఆవకాయ జాడీలు మూడు, ఇరవై ఆరు కిలోల బియ్యం బస్తా. ఇరవై ఐదు కిలోల దాకా ఉన్న ప్యాకింగ్‌కి 2022లో జీఎస్టీ పడ్డాక ఇరవై ఆరు కిలోల బస్తాలు వచ్చాయిగా, ఆ లావుకి కూడా చోటు చూడాలి. తాలింపు పొగ ఎటు పోవాలో ఆ ఫోటోలో ఉండదు. వాస్తు మీద నా నమ్మకం ఏమిటని అడక్కండి గానీ, పొయ్యి ఆగ్నేయంలో కుదురుతుందో లేదో ప్లాన్ చూడగానే చెప్పగలగాలి. లేకపోతే గృహప్రవేశానికి ముందు రోజు వాళ్ల మామయ్యగారు వచ్చి చెబుతారు.

చాలాసేపు మాట్లాడాను. ప్రశ్నలకి ముందు ఒక చిన్న పని. టేపు తెచ్చాను. ముందు వరసలోంచి ఇద్దరు రండి. నా వెనకున్న ఈ గోడ వెడల్పు మూడు చోట్ల కొలవండి, నేల దగ్గర, నడుం ఎత్తులో, చెయ్యి అందినంత పైన. నూలుతో సహా చెప్పండి. మూడూ ఒకటే వస్తే, ఈ హాలు కట్టిన మేస్త్రీ ఎవరో కనుక్కోండి, నాకు అర్జెంటుగా కావాలి.