నూనె పోసి ఉంచిన దీపం

అక్క: ఈ వారం స్కాట్లండ్ వెళ్దాం రా. లూయిస్ దీవికి పడమరగా ఓ 32 కిలోమీటర్ల దూరంలో, అట్లాంటిక్ సముద్రంలో ఐలన్ మోర్ అని ఓ రాతి దీవి ఉంది. చుట్టూ నిట్టనిలువు చరియలు. సామానంతా పడవల్లోంచి పైకి ఎక్కించాల్సి వచ్చేది. లైట్‌హౌస్ పని 1895లో మొదలెడితే, దీపం వెలిగేసరికి 1899 డిసెంబర్ 7 అయింది.

తమ్ముడు: ముగ్గురు కీపర్లు మాయమైంది అక్కడేగా అక్కా? బల్ల మీద ముట్టుకోని భోజనం, పడిపోయిన కుర్చీ...

అక్క: ఆగాగు. ఆ భోజనం, కుర్చీ 1912లో వచ్చిన ఓ కవితలోవి. జరిగింది వేరు. 1900 డిసెంబర్ 15 రాత్రి అటుగా వెళ్లిన ఓడవాళ్లకి దీపం కనబడలేదు. సముద్రం అల్లకల్లోలంగా ఉండి, హెస్పరస్ అనే ఓడ 26న గానీ దీవికి చేరలేదు. జోసెఫ్ మూర్ అనే కీపరు ఒక్కడే ముందు పైకెక్కాడు. గేటు మూసి ఉంది. పొయ్యిలో నిప్పు లేదు. గిన్నెలు మాత్రం శుభ్రంగా కడిగి ఉన్నాయి.

తమ్ముడు: మరి దీపం?

అక్క: తుడిచి, నిండా నూనె పోసి ఉంది! రాత్రికి వెలిగించడమే తరువాయి. పలక మీద 15 పొద్దున 9 గంటల దాకా వాతావరణం వివరాలు రాసి ఉన్నాయి. వాళ్లు ఏడ్చారు, ప్రార్థనలు చేశారు అని లాగ్‌బుక్ రాతలు తిరుగుతుంటాయి చూడు, అవన్నీ తర్వాత ఎవరో కల్పించినవి. నాకు ఒళ్లు మండుతుంది. డ్యూకాట్, మార్షల్, మెకార్థర్... ఆ పొద్దుటి పని ఒక్కటీ వదలకుండా చేసిన మనుషులు వాళ్లు.

తమ్ముడు: మరేమైపోయారు?

అక్క: పడమటి రేవులో, సముద్రానికి 33 మీటర్ల ఎత్తున తాళ్లు దాచే పెట్టె ముక్కలైంది. ఇనప కమ్మీలు వంగిపోయాయి. విచారణకొచ్చిన అధికారి మ్యూర్‌హెడ్, పెద్ద కెరటం లాక్కుపోయిందన్నాడు. నాకూ అదే నిజమనిపిస్తుంది. ఇద్దరి వానకోట్లు లేవు, మెకార్థర్‌ది మాత్రం లోపలే ఉంది. అతను అసలు ఒంట్లో బాగోని ఇంకో కీపరు బదులు వచ్చినవాడు.

తమ్ముడు: డిసెంబర్ చలిలో, ఉత్త చొక్కాతోనా?

అక్క: కోటు తొడుక్కునే వ్యవధి లేదేమోరా. ఆ ఇద్దరి కోసం పరుగెత్తి ఉంటాడు.

తమ్ముడు: ...మూర్ ఏం చేశాడక్కా తర్వాత?

అక్క: ఓడ వెనక్కెళ్లింది. అతను ఇంకో ముగ్గురితో అక్కడే ఉండిపోయాడు. చీకటి పడగానే ఆ దీపాన్నే వెలిగించాడు.