లైను తీసేశాక తిరగబెడితే

అందరికీ నమస్కారం. న్యూజెర్సీ, పెన్సిల్వేనియా ప్రాంతాల్లో ఇళ్లకు వెళ్లి ఐవీ మందులు, అంటే రక్తనాళంలోకి నేరుగా వెళ్లే మందులు ఎక్కించే నర్సుని నేను. మన తెలుగువాళ్ల సభల్లో పిడుదు అంటించే బ్యాక్టీరియా వల్ల వచ్చే లైమ్ జబ్బు ప్రస్తావన వస్తే పిడుదు కాటు, ఒంటిమీద ఎర్రటి వలయం, డాక్సీసైక్లిన్ మాత్రలు, ఇంతటితో ముగిస్తారు. ఆ తర్వాత జరిగేది ఈరోజు మాట్లాడతాను. చేతికి పిక్ లైను, అంటే మందు ఎక్కించడానికి వారాలపాటు రక్తనాళంలో ఉంచే సన్నటి గొట్టం పెట్టించుకుని, రోజూ సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఎక్కించుకుని, కోర్సు పూర్తయి లైను తీసేశాక కొన్ని వారాలకు నొప్పులు, నీరసం, మతిమరుపు మళ్లీ మొదలైనవాళ్లు ఉన్నారు. వాళ్ల ఇళ్లలో నాకు ఎదురయ్యే ప్రశ్న ఒకటే: "మళ్లీ ఎక్కించమని డాక్టరుగారిని అడగమంటారా?"

తిరిగొచ్చిన బాధ నిజమైనది. అయితే బాధ తిరిగొచ్చినంత మాత్రాన క్రిమి కూడా తిరిగొచ్చిందని చెప్పలేం. ఈ రెండు మాటలనూ ఒకేసారి మనసులో పెట్టుకోలేనివాళ్ల వల్ల రోగులు నలిగిపోతున్నారు. ఒకచోట "రిపోర్టులన్నీ బాగున్నాయి, నీకేమీ లేదు" అని పంపేస్తారు. ఇంకోచోట నెలల తరబడి మందు ఎక్కిస్తూ పోతారు. రెండూ తప్పే.

"నీకేమీ లేదు" అనే మాట ఈ జబ్బు విషయంలో ఎంత ప్రమాదకరమో చరిత్రే చెబుతుంది. కనెక్టికట్ రాష్ట్రంలోని ఓల్డ్ లైమ్ పరిసరాల్లో 1975 ప్రాంతంలో పిల్లలకు వరుసగా కీళ్లవాపులు వచ్చాయి. తల్లులు పట్టు విడవకుండా ఆరోగ్యశాఖ వెంట పడ్డారు కాబట్టే పరిశోధన మొదలైంది. 1982లో విల్లీ బర్గ్‌డోర్ఫర్ బృందం పిడుదుల్లో ఆ బ్యాక్టీరియాను గుర్తించింది. ఆయన పేరుమీదే దాన్ని బొరేలియా బర్గ్‌డోర్ఫెరీ అంటున్నాం. ఈనాడు అమెరికాలో ఏటా సుమారు 4,76,000 మందికి లైమ్ అని నిర్ధారించి చికిత్స చేస్తున్నారని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ అంచనా. చాలామందికి మాత్రలతోనే నయమవుతుంది. మెదడుకో వెన్నుపాముకో పాకినప్పుడు, గుండె కొట్టుకునే లయ తీవ్రంగా దెబ్బతిన్నప్పుడు, మాత్రలకు లొంగని కీళ్లవాపు ఉన్నప్పుడు ఐవీ అవసరమవుతుంది. మామూలుగా రెండు నుంచి నాలుగు వారాలు, రోజుకు 2 గ్రాములు.

చికిత్స పూర్తయ్యాక కూడా నూటికి అయిదు నుంచి పదిమందికి అలసట, ఒళ్లునొప్పులు, ఆలోచన మందగించడం నెలల తరబడి కొనసాగుతాయని సీడీసీ చెబుతుంది. ఆరునెలలు దాటితే దానికి చికిత్సానంతర లైమ్ సిండ్రోమ్ అని పేరు. ఇది వైద్యశాస్త్రం ఒప్పుకున్న బాధ. మిమ్మల్ని ఎవరైనా అనుమానంగా చూస్తే ఈ పేరు ధైర్యంగా చెప్పండి.

ఇలాంటివాళ్లకు మళ్లీ ఐవీ ఇస్తే ఏమవుతుందో పరీక్షించి చూశారు. 2001లో వెలువడిన పరిశోధనలో 129 మందిని తీసుకుని, కొందరికి నెలరోజులు సెఫ్ట్రియాక్సోన్, ఆపైన రెండు నెలలు డాక్సీసైక్లిన్ ఇచ్చారు. మిగతావాళ్లకు మందులేని ఉత్తుత్తి చికిత్స ఇచ్చారు. బాగుపడినవాళ్ల నిష్పత్తి రెండు గుంపుల్లోనూ దాదాపు సమానం. 2008లో కొలంబియా విశ్వవిద్యాలయంవారు 37 మందితో చేసిన పరిశోధన నా రోగుల అనుభవానికి ఇంకా దగ్గరగా ఉంటుంది. పది వారాలు ఐవీ సెఫ్ట్రియాక్సోన్ ఇచ్చారు. పన్నెండో వారంలో జ్ఞాపకశక్తి, ఆలోచనా వేగం కొంత మెరుగయ్యాయి. ఇరవై నాలుగో వారానికల్లా ఆ లాభం నిలవలేదు. "మందు ఉన్నన్నాళ్లు బాగుంది, ఆపాక మళ్లీ మొదటికొచ్చింది" అని రోగి చెప్పేది అబద్ధం కాదని దీనితో తేలుతోంది. మళ్లీ ఎక్కించినా ఆ మేలు నిలవదన్న అనుమానమూ ఇక్కడే మొదలవుతుంది.

మరి ఎక్కిస్తున్నప్పుడు ఎందుకు బాగుంటుంది? ఖాయమైన జవాబు లేదు. ఒక ఆలోచన ఏమిటంటే, సెఫ్ట్రియాక్సోన్‌కు క్రిములను చంపడంతోపాటు నరాల మీద వేరే ప్రభావం కూడా ఉండొచ్చు. మెదడులో గ్లుటమేట్ అనే రసాయనాన్ని తొలగించే ప్రోటీన్‌ను ఇది పెంచుతుందని ఎలుకల్లో కనిపించింది. అలాగైతే మందు తెచ్చిన ఉపశమనం మందుతోపాటే పోతుంది, అందులో క్రిమి ప్రసక్తి లేదు. ఇంకొకటి మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. సెలైన్ ఎక్కిస్తే ఒంట్లోకి బలం వస్తుందనే నమ్మకం మనకు ఊళ్లనుంచే ఉంది. నీరసంగా ఉందంటే ఆర్‌ఎంపీ డాక్టరు దగ్గరికెళ్లి ఒక సీసా ఎక్కించుకుని వచ్చే అలవాటు మన పెద్దలది. ఆ నమ్మకం వల్ల లైను తీసేసిన రోజున ఆధారం తెగిపోయినట్టు రోగికి దిగులు పుడుతుంది. రోజూ వచ్చి పలకరించే నర్సు కూడా రావడం మానేస్తుంది. ఆ వారాల్లో మనిషి ఒంటరి అవుతాడు. దీన్ని నేను చిన్న విషయంగా తీసిపారేయలేను.

ఇక లైను సంగతి. గుండె దాకా వెళ్లే గొట్టం అది. చర్మం మీది క్రిములకు అది తెరిచి ఉన్న తలుపు. లైమ్ అనుకుని 27 నెలలపాటు సెఫోటాక్సిమ్ అనే యాంటీబయాటిక్‌ను ఐవీలో తీసుకున్న ముప్పైయేళ్ల స్త్రీ, లైను చివర గడ్డకట్టిన రక్తానికి ఫంగస్ సోకి చనిపోయిన ఉదంతం 2000లో వైద్య పత్రికలో వచ్చింది. సెఫ్ట్రియాక్సోన్ వల్ల పిత్తాశయంలో రాళ్లు చేరి ఆపరేషన్ దాకా వెళ్లినవాళ్లు ఈ న్యూజెర్సీలోనే ఉన్నారు. ఇండియాకు వెళ్లినప్పుడు ఎలాగూ చవకగా దొరుకుతుంది కదా అని అక్కడ మళ్లీ కోర్సు మొదలుపెడదామనుకునేవాళ్లు నాకు ఎదురవుతుంటారు. దయచేసి ఆ పని చేయకండి. లైమ్ జబ్బును ఎప్పుడూ చూడని వైద్యుడి చేత, పర్యవేక్షణ లేకుండా, నెలల తరబడి సూది పొడిపించుకోవడం ఎంత ప్రమాదమో ఒక్కసారి ఆలోచించండి.

అయితే బాధ తిరిగొచ్చినప్పుడు ఊరుకోమని నేను అనడం లేదు. వెతకాల్సినవి ఉన్నాయి, వాటిని వెతికించాలి. ఒంటిమీద కొత్తగా వలయం వచ్చిందా? అలాగైతే మళ్లీ పిడుదు కుట్టి ఉండొచ్చు. 2012లో మళ్లీ మళ్లీ వలయాలు వచ్చిన 17 మందిలో బ్యాక్టీరియా రకాలను పోల్చి చూస్తే, ప్రతిసారీ వేరే రకమే కనిపించింది. అంటే పాతది తిరగబెట్టలేదు, కొత్తగా అంటుకుంది. దానికి మళ్లీ మాత్రలు వాడాలి. జ్వరం, చలి, చెమటలు ఉంటే బబీసియాను గుర్తుచేయండి. అదే పిడుదు మోసుకొచ్చే పరాన్నజీవి, మలేరియాలాగే ఎర్ర రక్తకణాల్లో చేరుతుంది. అనాప్లాస్మా అని ఆ పిడుదే మోసే బ్యాక్టీరియా ఇంకొకటి ఉంది. ఈ రెండింటి మీదా సెఫ్ట్రియాక్సోన్ పనిచేయదు, వాటి మందులు వేరు. మోకాలు బుంగలా వాస్తే కీలులోని నీరు తీసి పరీక్షించాలి. క్రిమి చచ్చాక దాని గోడల ముక్కలు కీలులో మిగిలి వాపును కొనసాగించవచ్చని 2019లో గుర్తించారు. అలాంటి వాపుకు కీళ్ల వైద్యులు మెథోట్రెక్సేట్ వంటి, వాపును అణిచే మందులు ఇస్తారు. మూతి వంకరపోయినా, కళ్లు తిరిగి పడిపోయినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

లైను తీసేశాక వారాల తర్వాత కూడా నీళ్ల విరేచనాలు పట్టుకోవచ్చు. అవి యాంటీబయాటిక్ వాడాక పేగుల్లో పెరిగే సీ డిఫిసిల్ అనే బ్యాక్టీరియా వల్ల కావచ్చు, ఇంట్లో మజ్జిగన్నంతో సరిపెట్టకుండా పరీక్ష చేయించండి.

రక్తంలో లైమ్ యాంటీబాడీలు మళ్లీ చూపించుకోవడం మాత్రం దండగ. జబ్బు నయమయ్యాక కూడా అవి ఏళ్ల తరబడి కనిపిస్తాయి. ఆ కాగితం చూసి ఇంటిల్లిపాదీ బెంగపెట్టుకోవడం నేను చూస్తూనే ఉంటాను. దానికి బదులు బీ12, థైరాయిడ్, నిద్రలో ఊపిరి ఆగుతోందా అన్నవి చూపించుకోండి. శాకాహారుల ఇళ్లలో బీ12 తక్కువగా ఉండటం మామూలే. కాళ్ల తిమ్మిర్లు, మతిమరుపు దానివల్ల కూడా వస్తాయి, తేలిగ్గా సరిచేయొచ్చు.

ఇవేవీ దొరకకపోతే, మిగిలింది నెమ్మదిగా కోలుకోవడం. ఒంట్లో బాగున్న రోజున ఇల్లంతా సర్ది, వంటలన్నీ చేసి, మర్నాటి నుంచి మంచం పట్టేవాళ్లు మన ఆడవాళ్లలోనే ఎక్కువ కనిపిస్తారు నాకు. బాగున్న రోజున కూడా సగం శక్తినే వాడండి. నడక పది నిమిషాలతో మొదలుపెట్టి, మర్నాడు ఒళ్లు తట్టుకుంటేనే పెంచండి. ఉద్యోగం చేసేవాళ్లకు అమెరికాలో ఎఫ్ఎంఎల్ఏ అనే జబ్బు సెలవుల చట్టం ఉంది. యాభైమంది లేదా అంతకు మించి ఉన్న సంస్థలో ఏడాది పనిచేసి, అందులో 1,250 గంటలు పూర్తయినవాళ్లకు ఏటా 12 వారాల జీతం లేని సెలవు హక్కుగా వస్తుంది. అవసరమైతే దాన్ని రోజులుగా, గంటలుగా విడగొట్టి వాడుకోవచ్చు. వీసా భయంతో నోరు మెదపకుండా కూర్చోకండి, న్యాయవాదిని ఒకసారి అడగండి. ఇంట్లోవాళ్లకు నాదొక విన్నపం. "చూడ్డానికి బాగానే ఉన్నావు కదమ్మా" అనే మాట ప్రేమతోనే అంటారు, కానీ వినేవాళ్లకు అది నింద. ఆ మాట మానేసి ఒకపూట వంట మీరు చేయండి.

లైను తీసే ముందే డాక్టరుతో మాట్లాడి పెట్టుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. నెల తర్వాత, మూడు నెలల తర్వాత చూపించుకునే తేదీలు, ఏ లక్షణానికి ఎవరికి ఫోను చేయాలి, నొప్పికీ నిద్రకీ ఏం వాడాలి, వ్యాయామ చికిత్స ఎప్పుడు మొదలుపెట్టాలి. చివరి సీసా ఎక్కుతున్న రోజున ఇవి కాగితం మీద ఉంటే ఆ తర్వాతి వారాల్లో గాబరా సగం తగ్గుతుంది. ఆ కాగితం అడిగి తీసుకోండి, ఇవ్వకపోతే మళ్లీ అడగండి. ఇప్పుడు మీ ప్రశ్నలు వింటాను. ఇంట్లో ఇప్పుడు లైను ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే ముందు మీరు అడగండి.