193 పాయింట్లు గెలిచినవాడు ఓడిపోయాడు: సినర్, అల్కరాజ్ పోటీ వెనక ఉన్న లెక్క

[స్క్రీన్ మీద రెండు అంకెలు: 193, 192]

2025 జూన్ 8, పారిస్. ఫ్రెంచ్ ఓపెన్ పురుషుల ఫైనల్. ఇటలీకి చెందిన యానిక్ సినర్ ఆ మ్యాచ్‌లో గెలిచిన పాయింట్లు 193. స్పెయిన్ కుర్రాడు కార్లోస్ అల్కరాజ్ గెలిచినవి 192. కప్పు అందుకున్నది మాత్రం అల్కరాజ్.

ఒక పాయింట్ ఎక్కువ గెలిచినవాడు ఓడిపోవడం ఏమిటి? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు తెలిస్తే టెన్నిస్ చూసే పద్ధతే మారిపోతుంది. నంబర్ వన్ ర్యాంకు ఎవరికి ఎందుకు వస్తుందో కూడా అర్థమవుతుంది. అందుకే ఇవాళ ఈ మ్యాచ్‌తోనే మొదలుపెడదాం.

[స్కోరు కార్డు: 4-6, 6-7, 6-4, 7-6, 7-6]

మొదటి రెండు సెట్లు సినర్‌వి. అప్పటిదాకా రెండు సెట్లు వెనకబడిన మ్యాచ్ ఒక్కటి కూడా అల్కరాజ్ గెలవలేదు. మూడో సెట్ తీసుకున్నాడు. నాలుగో సెట్‌లో మళ్లీ 3-5తో వెనకబడ్డాడు. పైగా తన సర్వీస్‌లోనే 0-40. అంటే సినర్ చేతిలో వరుసగా మూడు ఛాంపియన్‌షిప్ పాయింట్లు. ఒక్కటి గెలిస్తే చాలు, ఫ్రెంచ్ ఓపెన్ అతనిదే.

మూడూ పోయాయి.

దీని గురించి మాట్లాడేవాళ్లలో చాలామంది సినర్ టెన్షన్‌కు లొంగిపోయాడని అంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. ఆ మూడు పాయింట్లకూ సర్వీస్ చేసింది అల్కరాజ్. పురుషుల టెన్నిస్‌లో ఏ పాయింట్‌లోనైనా సర్వీస్ చేసేవాడిదే పైచేయి. సినర్‌కు నిజంగా బాధ కలిగించాల్సింది ఆ తర్వాతి గేమ్. 5-4 మీద, తన సర్వీస్‌లో, టైటిల్ కోసం ఆడుతూ అతను సర్వీస్ కోల్పోయాడు, అంటే తాను సర్వీస్ చేసిన గేమ్‌నే ఓడిపోయాడు. ఆ సెట్ 6-6 దగ్గర టైబ్రేక్‌కు, అంటే పాయింట్లు లెక్కపెట్టి సెట్ తేల్చే ఒక్క చివరి గేమ్‌కు వెళ్లింది, అల్కరాజ్ దాన్ని 7-3తో గెలిచాడు.

ఐదో సెట్‌లో సీన్ రివర్స్ అయింది. 5-4 మీద మ్యాచ్ కోసం సర్వీస్ చేసింది అల్కరాజ్. బ్రేక్ చేసి, అంటే ఎదుటివాడు సర్వీస్ చేసిన గేమ్ గెలిచి, లేచింది సినర్. మూడు ఛాంపియన్‌షిప్ పాయింట్లు చేజారిన మనిషి, నాలుగు గంటలు దాటాక, ఓటమి అంచున నిలబడి ఎదుటివాడి సర్వీస్ బ్రేక్ చేశాడు. ఇలాంటివాడిని పట్టుకుని ధైర్యం లేనివాడని ఎలా అంటాం? నాకైతే ఆ సాయంత్రం మొత్తంలో అంతకంటే గొప్ప గేమ్ ఇంకొకటి లేదు.

స్కోరు 6-6. 2022 నుంచి నాలుగు గ్రాండ్‌స్లామ్‌లలోనూ, అంటే టెన్నిస్‌లో అతి పెద్ద నాలుగు టోర్నీల్లోనూ, ఒకే నియమం ఉంది: చివరి సెట్ 6-6 అయితే పది పాయింట్ల టైబ్రేక్. అందులో అల్కరాజ్ వరుసగా ఏడు పాయింట్లు కొట్టి, చివరికి 10-2తో ముగించాడు. మొత్తం 5 గంటల 29 నిమిషాలు. ఫ్రెంచ్ ఓపెన్ చరిత్రలో ఇంత పొడవైన ఫైనల్ లేదు. మన టైమ్ ప్రకారం సాయంత్రం ఆరున్నరకు టీవీ ముందు కూర్చున్నవాళ్లు అర్ధరాత్రి దాకా లేవలేదు.

[స్క్రీన్ మీద: టైబ్రేక్‌కు ముందు 191, 182]

ఇప్పుడు చిన్న తీసివేత చేయండి. మొత్తం లెక్కలోంచి ఆ చివరి టైబ్రేక్ పాయింట్లు తీసేస్తే సినర్‌కు 191, అల్కరాజ్‌కు 182. అంటే ఐదు గంటలు దాటాక కూడా సినర్ తొమ్మిది పాయింట్లు ముందున్నాడు. అయినా స్కోరు బోర్డు మీద ఇద్దరూ సమానం. ఎందుకంటే టెన్నిస్‌లో పాయింట్లను చివర్లో కలపరు. పాయింట్లతో గేమ్, గేమ్‌లతో సెట్, సెట్లతో మ్యాచ్. ఒక గేమ్‌ను ఎదుటివాడికి ఒక్క పాయింటూ ఇవ్వకుండా గెలిచినా, పది డ్యూస్‌లు (40-40 సమానాలు) ఆడి గెలిచినా వచ్చేది ఒక్క గేమే. మన ఎన్నికల్లో ఒక పార్టీకి రాష్ట్రం మొత్తం మీద ఓట్లు ఎక్కువ పడి, సీట్లు తక్కువ రావచ్చు. ఇదీ అలాంటిదే. ఎన్ని పాయింట్లు అనేదానికంటే ఎక్కడ వచ్చిన పాయింట్లు అనేదే ముఖ్యం.

ఇది ఆ ఒక్క రోజు వింత కాదు. 2019 వింబుల్డన్ ఫైనల్‌లో రోజర్ ఫెదరర్ 218 పాయింట్లు గెలిచాడు, నొవాక్ జకోవిచ్ 204. పద్నాలుగు పాయింట్ల తేడా. ఫెదరర్‌కు తన సొంత సర్వీస్‌లో రెండు ఛాంపియన్‌షిప్ పాయింట్లు కూడా వచ్చాయి. కానీ మ్యాచ్‌లోని మూడు టైబ్రేక్‌లూ జకోవిచ్‌వి, కప్పూ అతనిదే. ఆ ఫెదరరే 2024లో అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీ విద్యార్థులకు ఒక లెక్క చెప్పాడు. కెరీర్‌లో ఆడిన 1526 సింగిల్స్ మ్యాచ్‌లలో దాదాపు 80 శాతం గెలిచాడట. మరి పాయింట్లు ఎన్ని శాతం గెలిచాడు? 54 మాత్రమే.

అంత గొప్ప ఆటగాడికే సగం కంటే కాస్త ఎక్కువ! అందుకే మ్యాచ్ చూసేటప్పుడు ప్రతి పాయింట్‌కూ ఊగిపోనక్కర్లేదు. 30-30, డ్యూస్, బ్రేక్ పాయింట్ (గెలిస్తే ఎదుటివాడి సర్వీస్ బ్రేక్ అయ్యే పాయింట్), టైబ్రేక్. అప్పుడు మాత్రం ఫోన్ పక్కన పెట్టండి.

ఉదాహరణకు అదే ఏడాది జూలై 13, వింబుల్డన్ ఫైనల్. మళ్లీ ఈ ఇద్దరే. నాలుగో సెట్‌లో సినర్ 4-3 ముందున్నాడు, సర్వీస్ అతనిదే, కానీ 15-40. పారిస్ సంగతి అతనికీ గుర్తుంటుంది, ఎదుటివాడికీ గుర్తుంటుంది. ఆ రెండు బ్రేక్ పాయింట్లూ కాపాడుకున్నాడు. 4-6, 6-4, 6-4, 6-4తో గెలిచి, వింబుల్డన్ సింగిల్స్ గెలిచిన మొదటి ఇటలీ ప్లేయర్ అయ్యాడు. పారిస్ దెబ్బ తగిలిన ఐదు వారాలకే.

[స్క్రీన్ మీద: 2024, 2025 గ్రాండ్‌స్లామ్ విజేతల పట్టిక]

2024, 2025 కలిపి ఎనిమిది గ్రాండ్‌స్లామ్‌లు. నాలుగు సినర్‌వి, నాలుగు అల్కరాజ్‌వి. మూడోవాడికి ఒక్కటి కూడా దక్కలేదు. మరి ఇద్దరూ ఇంత సమానంగా ఉంటే నంబర్ వన్ ఎవరు?

ఇక్కడే కొత్తగా చూసేవాళ్లు తికమకపడతారు. ర్యాంకింగ్ అంటే గత 52 వారాల పాయింట్ల మొత్తం. గ్రాండ్‌స్లామ్ గెలిస్తే 2000, ఫైనల్‌లో ఓడితే 1300. ఏడాది తిరిగి అదే టోర్నీ వచ్చేసరికి పాత పాయింట్లు పోతాయి, వాటి చోట కొత్తవి చేరతాయి. పాయింట్లు డిఫెండ్ చేసుకోవడం అని కామెంటేటర్లు అనేది దీన్నే.

2025 యూఎస్ ఓపెన్ చూడండి. 2024లో ఆ టోర్నీ గెలిచింది సినర్, కాబట్టి అతని ఖాతాలో 2000 ఉన్నాయి. అల్కరాజ్ ఆ ఏడాది రెండో రౌండ్‌లోనే ఓడాడు, అతనికి 50 మాత్రమే. 2025లో సినర్ ఫైనల్ దాకా వెళ్లాడు. అదేమీ చిన్న విషయం కాదు. కానీ ఫైనల్‌లో అల్కరాజ్ 6-2, 3-6, 6-1, 6-4తో గెలిచాడు. లెక్క ఏమైంది? ఫైనలిస్ట్ సినర్ 700 పాయింట్లు నష్టపోయాడు. అల్కరాజ్ 1950 లాభపడ్డాడు. వరుసగా 65 వారాలు నంబర్ వన్‌గా ఉన్న సినర్ ఆ ఒక్క మ్యాచ్‌తో కిందికి దిగాడు. ఆ సంవత్సరాన్ని నంబర్ వన్‌గా ముగించింది అల్కరాజే. నవంబర్‌లో ఇటలీలోని ట్యూరిన్‌లో, సొంత ప్రేక్షకుల మధ్య, ఏడాది చివరి పెద్ద టోర్నీ ఏటీపీ ఫైనల్స్‌లో అతన్ని సినర్ ఓడించినా ర్యాంకు మారలేదు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. 2024 మార్చిలో సినర్ డోప్ టెస్టుల్లో క్లోస్టెబాల్ అనే నిషేధిత పదార్థం ఆనవాళ్లు దొరికాయి. ఫిజియో వాడిన మందు ద్వారా అది పొరపాటున శరీరంలోకి చేరిందన్న వివరణను అధికారులు ఒప్పుకున్నారు. అయినా తన బృందం చేసిన నిర్లక్ష్యానికి ఆటగాడే బాధ్యుడని 2025 ఫిబ్రవరి 9 నుంచి మే 4 దాకా నిషేధం పడింది. ఇండియన్ వెల్స్, మయామీ, మోంటీ కార్లో, మాడ్రిడ్, గ్రాండ్‌స్లామ్‌ల తర్వాతి స్థాయి అయిన నాలుగు పెద్ద మాస్టర్స్ టోర్నీలకు దూరమయ్యాడు. ఆ నష్టం తర్వాతి ఏడాదికి వెసులుబాటుగా మారింది. 2026లో ఆ నాలుగింటిలో అతను డిఫెండ్ చేసుకోవాల్సినవి సున్నా. ఏం గెలిచినా లాభమే.

మహిళల విభాగంలో 2025లో నాలుగు గ్రాండ్‌స్లామ్‌లను నలుగురు గెలిచారు: మాడిసన్ కీస్, కోకో గాఫ్, ఇగా స్వియాటెక్, అరీనా సబలెంకా. నంబర్ వన్ మాత్రం ఏడాది పొడవునా సబలెంకానే. రెండు ఫైనల్స్‌లో ఓడింది, వింబుల్డన్ సెమీస్‌లో ఓడింది, న్యూయార్క్‌లో, అంటే యూఎస్ ఓపెన్‌లో, గెలిచింది. ఒక్క కప్పు గెలిచిన మనిషి నంబర్ వన్ ఏమిటని అడిగేవాళ్లు ఆ నాలుగు టోర్నీలను కలిపి చూడాలి. 1300, 1300, 780, 2000. మొత్తం 5380. ఏ టోర్నీలోనూ తొందరగా ఇంటికి వెళ్లకపోవడం ఎంత కష్టమో ఆ అంకె చెబుతుంది. మన హైదరాబాద్ సానియా మీర్జా 2015 ఏప్రిల్‌లో డబుల్స్ నంబర్ వన్ అయింది కూడా ఇలాంటి నిలకడతోనే. మార్టినా హింగిస్‌తో జతకట్టాక ఇండియన్ వెల్స్, మయామీ, చార్ల్స్‌టన్ టైటిళ్లు వరుసగా గెలిచి ఆ స్థానానికి చేరింది.

[స్క్రీన్ మీద: మన టైమ్ ప్రకారం పురుషుల ఫైనల్స్]

ఇక చూడటానికి. పురుషుల ఫైనల్ మన టైమ్‌లో ఆస్ట్రేలియన్ ఓపెన్‌ది మధ్యాహ్నం 2 గంటలకు, పారిస్‌ది సాయంత్రం 6:30కి, వింబుల్డన్‌ది రాత్రి 8:30కి, న్యూయార్క్‌ది రాత్రి 11:30కి ఉంటుంది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్లకు పారిస్ మ్యాచ్ ఉదయం టిఫిన్ టైమ్‌కు వస్తుంది. టోర్నీకి ముందు డ్రా విడుదలైనప్పుడు, ఎవరు ఎవరితో ఆడుతున్నారో చూసి ఊరుకోకండి. పక్కనే నిరుటి డ్రా తెరిచి, మీకు ఇష్టమైన ప్లేయర్ అప్పుడు ఏ రౌండ్ దాకా వెళ్లారో చూడండి. ఈసారి వాళ్లు కనీసం అక్కడిదాకా రావాలి.